పని తీరాకే నూతికి దయ్యం పడుతుంది

ఢిల్లీలో అగ్రసేన్ కీ బావలీ అని ఒక పాత దిగుడుబావి ఉంది. దాని మీద వీడియోలు తెలుగులో కూడా చాలానే తిరుగుతున్నాయి, అన్నిట్లోనూ ఒకటే కథ. ఒకప్పుడు ఆ బావి నిండా నల్లటి నీళ్ళు ఉండేవట, మెట్ల మీద నిలబడి కాసేపు చూస్తే ఆ నీళ్ళు మనిషిని మత్తులోకి దింపి రా రమ్మని పిలిచేవట, పిలుపు విన్నవాళ్ళు అలా దిగిపోయి దూకేసేవారట, ఒక్కో ప్రాణం పడేకొద్దీ నీళ్ళు ఇంకాస్త పైకి వచ్చేవట. వెనకాల గుండె దడదడలాడించే మ్యూజిక్కు, పైన ఎర్ర కళ్ళ బొమ్మ. మా చెల్లెలి కొడుకు, విజయనగరంలో ఇంటర్ చదువుతున్నాడు, ఆ వీడియో ఒకటి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి "మావయ్యా నువ్వు చూసొచ్చావు కదా, నిజమేనా" అని అడిగాడు. ఫోన్లో ఏవో నాలుగు మాటలు చెప్పాను గానీ మనసు ఊరుకోలేదు. దయ్యం ఉందా లేదా అన్నది కాదు నా బాధ, దయ్యాల్ని నమ్మేవాళ్ళతో నాకు తగువు లేదు, మా ఇంట్లోనే సగం మంది నమ్ముతారు. ఆ కథ ఏం దాచేస్తోందన్నదే నా బాధ.

ముందు ఆ బావి గురించి చెప్పాలి. కన్నాట్ ప్లేస్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు, హేలీ రోడ్డులో పెద్ద పెద్ద బిల్డింగుల మధ్య ఒక సందు తిరిగితే వచ్చేస్తుంది. సుమారు 60 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, కిందకి వందకి పైగా మెట్లు, ఎక్కువమంది 103 అని రాస్తారు. రెండు పక్కలా అంతస్తులు అంతస్తులుగా కమానుల గూళ్ళు, మెట్ల చివర గుండ్రటి బావి, పైన ఒక పక్క చిన్న మసీదు. మహారాజా అగ్రసేన్ కట్టించాడని అగర్వాల్ వాళ్ళ నమ్మకం, కానీ ఆ కట్టుబడి తీరు చూసి అది తుగ్లక్‌ల కాలందో లోడీల కాలందో, అంటే 14, 15 శతాబ్దాలదని చరిత్రకారులు అంటారు, కట్టించిందెవరో చెప్పే శాసనం మాత్రం లేదు. ఆ ఖాళీలోకే ఎవరికి తోచిన కథ వాళ్ళు పోశారని నాకనిపిస్తుంది.

నేను వెళ్ళింది మండుటెండలో. పై మెట్టు మీద కాళ్ళు కాలిపోతున్నాయి, దిగేకొద్దీ రోడ్డు మీద హారన్లు దూరమైపోయాయి, చల్లదనం పాదాల నుంచి మొదలై పైకి పాకింది, పావురాలు ఒక్కసారి లేస్తే ఆ రెక్కల చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది, చీకటి గూళ్ళలోంచి గబ్బిలాల కంపు. ఒళ్ళు జలదరించింది. వెలుతురు తగ్గడం, ఉన్నట్టుండి చల్లబడటం, మన అడుగుల చప్పుడే మనకి వెనకనుంచి వినపడటం, ఇవి కలిస్తే ఎంత గట్టివాడికైనా వెనకాల ఎవరో వస్తున్నట్టే ఉంటుంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ అడుగుకి వెళ్ళి చూస్తే పిలవడానికి అక్కడ పెద్దగా నీళ్ళే లేవు. పిలుస్తుందని చెప్పే నీరు ఎప్పుడో అడుక్కి పోయింది, కథ ఒక్కటే మిగిలింది.

అదే ఢిల్లీలో ఇంకో బావలీ ఉంది, నిజాముద్దీన్ దర్గా పక్కన. దాన్ని 1321-22 ప్రాంతంలో తవ్వించారు. దానికీ ఒక కథ ఉంది, ఎంత తేడానో చూడండి. సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ తన కోట పని తప్ప కూలీలు ఇంకే పనీ చెయ్యకూడదని ఆజ్ఞ వేశాడట, వాళ్ళు పగలంతా కోట దగ్గర రాళ్ళు మోసి రాత్రి దీపాలు పెట్టుకుని సూఫీ గురువు హజరత్ నిజాముద్దీన్ కోసం బావి తవ్వేవారట, అది తెలిసి సుల్తాను నూనె దొరక్కుండా చేస్తే, తవ్వుతున్న బావిలో నీళ్ళనే ప్రమిదల్లో పోసి వెలిగించారట, నూనెలాగే వెలిగాయట. ఆ బావలీ గోడ ఒకవైపు 2008లో కూలిపోతే ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు పూడిక తీసి మళ్ళీ కట్టారు, ఊట ఇంకా ఉంది, జనం ఇంకా వస్తున్నారు.

అంటే ఒకే ఊరు, రెండూ వందల ఏళ్ళ నాటి దిగుడుబావులే, రెండిట్లోనూ చీకటీ చల్లదనమూ గబ్బిలాలూ అన్నీ ఉండే ఉంటాయి, మరి ఒకదాని నీళ్ళు దీపాలు వెలిగిస్తే ఇంకోదాని నీళ్ళు ప్రాణాలు ఎందుకు తీస్తాయి? నాకు కనబడే జవాబు ఒకటే. ఎక్కడ నీళ్ళతో జనానికి ఇంకా పని ఉందో అక్కడ నీటికి మహిమ పుడుతుంది, ఎక్కడ పని తీరిపోయి జనం లేచిపోయారో అక్కడ దయ్యం చేరుతుంది.

ఇది ఢిల్లీ సంగతే అనుకోకండి, విజయనగరంలో పుట్టినవాళ్ళకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. మన పైడితల్లి అమ్మవారి కథ ఏంటి? 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది, ఆ గొడవలోనే మన విజయనగరం రాజు పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. వద్దన్నా వినకుండా యుద్ధానికి వెళ్ళిన అన్న పోయాడన్న కబురు విని చెల్లెలు పైడిమాంబ ప్రాణం వదిలేసిందని, పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని పతివాడ అప్పలస్వామికి చెప్పిందని, అక్కడే అమ్మ వెలికొచ్చిందని మనం చెప్పుకుంటాం. ఒక్కసారి ఆలోచించండి, చెరువు, దుఃఖంతో చచ్చిపోయిన ఆడపిల్ల, నీళ్ళలోంచి మళ్ళీ పైకి రావడం, దయ్యం కథకి కావలసిన సరుకంతా ఇందులో ఉంది, ఇంకెక్కడన్నా అయితే ఆ చెరువు గట్టుకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మనం ఏం చేశాం? విజయదశమి వెళ్ళిన మంగళవారం పూజారిని సిరిమాను అనే పొడవాటి మాను ఎక్కించి కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిప్పి, ఆ తర్వాత అదే పెద్దచెరువులో తెప్పోత్సవం చేస్తాం, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి.

శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం సంగతి చూడండి. శ్వేతపుష్కరిణిలో అస్థికలు కలుపుతారు, ఎన్ని తరాల వాళ్ళ ఎముకలు ఆ కోనేట్లో ఉన్నాయో లెక్కే లేదు, మా తాతవి కూడా అక్కడే కలిపాం. చచ్చిపోయినవాళ్ళు నిజంగా ఉన్న నీళ్ళు అవి. అయినా ఆ కోనేటిని చూసి భయపడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, స్నానం చేసి, గుడిలోకి వెళ్ళి, తాబేళ్ళకి తోటకూర పెట్టి వస్తాం. కాబట్టి చావు ఉన్నచోట దయ్యం ఉంటుందన్న లెక్క తప్పు.

మా సొంతూరు చీపురుపల్లి వైపు. ఊళ్ళో రెండు పాత నూతులుండేవి. రాములోరి కోవెల ముందు ఒకటి, గిలకా చేంతాడూ ఉన్న మామూలు నుయ్యి. రెండోది ఊరి బయట మామిడితోటలో, దాన్ని తోటనుయ్యి అంటాం, ఒకపక్క నుంచి రాతి మెట్లు దిగే దిగుడుబావి, మరీ ఢిల్లీదంత కాదు గానీ చిన్నపిల్లలకి పెద్దదే. మా నాన్న తరం అంతా ఆ నూతిలోనే ఈత నేర్చుకున్నారు, నడుముకి ఎండు ఆనపకాయ బుర్ర కట్టి పెద్దవాళ్ళు తోసేసేవారట. పైన నీళ్ళు తోడే ఏతాం ఉండేది, తర్వాత ఆయిలింజను పెట్టారు, పొలాలు తడిసేవి, ఎద్దుల్ని కడిగేవారు, ఆడవాళ్ళు మెట్ల మీద బట్టలుతికేవారు. నేను మా నాయనమ్మని గుచ్చి గుచ్చి అడిగాను, ఆ రోజుల్లో తోటనూతికి దయ్యం ఉందని అనేవారా అని. "అప్పుడేటి దయ్యం, తెల్లారితే సాలు ముప్పైమంది అక్కడే కదేటి" అంది. బోర్లు పడ్డాయి, నూతిలో నీళ్ళు కిందకి జారిపోయాయి, మెట్ల మధ్య రావి మొలిచింది, అప్పుడు మొదలైంది తెల్లచీర కథ. నా చిన్నప్పటికి అది బాగా ముదిరింది. ఇప్పటి పిల్లలకైతే ఆ నుయ్యి గురించి తెల్లచీర తప్ప ఇంకేమీ తెలీదు, ఏతాం అన్న మాటే తెలీదు.

ఇక్కడ ఒకరు నన్ను పట్టుకోవచ్చు, నూతులు వాడుకలో ఉన్నప్పుడు కూడా భయాలు ఉండేవి కదా అని. ఉండేవి, కాదనను. మా నాయనమ్మే "ఒరే గుంటలూ, మిట్టమజ్జానం నూతికాడికి ఎల్లకండి, దీపాలెట్టీ ఏళకి అసలే వద్దు, మోహిని పట్టేస్తాది" అనేది. కానీ ఆ భయానికి టైము ఉంది, హద్దు ఉంది. మిట్టమధ్యాహ్నం అంటే కూలికెళ్ళినవాళ్ళు చెట్లకింద నడుం వాల్చే వేళ, నూతి దగ్గర మనిషి ఉండడు, పిల్లాడు జారిపడితే కేక వినేవాడు లేడు. సందెవేళ అంటే నాచు పట్టిన మెట్టు కనపడదు. మిగతా వేళల్లో వెళ్ళండి, ఆడుకోండి, నీళ్ళు తెండి. పిల్లాడి ప్రాణం కాపాడటానికి పెట్టిన కాపలా ఆ మోహిని. వీడియోలో దయ్యం సరిగ్గా ఉల్టా పని చేస్తుంది, అర్ధరాత్రి గోడ దూకి రమ్మంటుంది, సెల్‌ఫోను లైటులో మెట్లు దిగమంటుంది.

నుయ్యి లోపలికి లాగేస్తుందన్న మాటకీ ఒక ఆధారం ఉంది, మన పెద్దవాళ్ళకి అది బాగా తెలుసు. చాలాకాలం వాడని నూతిలో ఆకూ అలమూ కుళ్ళి బొగ్గుపులుసు వాయువు లాంటివి అడుగున పేరుకుంటాయి, అవి గాలికంటే బరువు, పైకి రావు, ఆక్సిజన్ ఉండదు. పూడిక తీద్దామనో పడిపోయిన బొక్కెన తీద్దామనో ఒకడు దిగుతాడు, చప్పుడు లేకుండా కూలబడిపోతాడు. పైనున్న తమ్ముడు అన్నా అన్నా అంటూ దిగుతాడు, వాడూ అంతే. మూడోవాడూ అంతే. పైనుంచి చూసేవాళ్ళకి అది ఎలా కనబడుతుంది? నుయ్యి ఒక్కొక్కర్నీ పిలిచి మింగుతున్నట్టే కనబడుతుంది కదా. అందుకే పాతరోజుల్లో ముందు తాడుకి దీపం కట్టి దించేవారు, దీపం ఆరిపోతే ఆరోజు ఎవరూ దిగేవారు కాదు. ఈ ఒక్క సంగతి ఏ వీడియోలోనైనా చెబితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో, కానీ ఎర్రకళ్ళ బొమ్మ కింద ఆ మాట చెప్పడానికి చోటు ఉండదు.

ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే పాత బావులన్నీ బంగారం, వదిలేసినవాళ్ళంతా పాపాత్ములు అని నేను అనట్లేదు. దిగుడుబావిలో నిజంగా మనిషిని పట్టే జీవి ఒకటి ఉండేది. దాని పేరు నారిపురుగు, ఆ జబ్బుని నారికురుపు అనేవారు. మెట్లు దిగి నీళ్ళలోకి నడిచి బిందె ముంచుకునే పద్ధతే దానికి దారి. జబ్బు ఉన్నవాడి కాలి మీద పొక్కు లేస్తుంది, మంట భరించలేక నీళ్ళలో కాలు పెడతాడు, పొక్కు చిట్లి వేలకొద్దీ పిల్లపురుగులు నీళ్ళలోకి పోతాయి, వాటిని కంటికి ఆనీ ఆనని నీటిపేలు మింగుతాయి, ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాడి ఒంట్లో సుమారు ఏడాదికి మూరెడు పైగా పొడవు పురుగు, ఒక్కోసారి మీటరుదాకా, చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని ఒక్కసారి లాగితే తెగిపోతుంది, పుల్లకి చుట్టి రోజుకి కాస్త కాస్త తీయాలి, అన్నాళ్ళూ మనిషి మంచం మీదే, పంటలు పోతాయి.

రాజస్థాన్, గుజరాత్‌తో పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ప్రభుత్వం 1983-84లో దాన్ని నిర్మూలించే కార్యక్రమం మొదలుపెట్టింది, మందూ లేదు టీకా లేదు, చేసిందల్లా నీళ్ళని గుడ్డతో వడగట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం, నీటిపేలు చచ్చేలా నీళ్ళలో మందు కలపడం, దిగుడుబావుల మెట్లు మూసి పైనుంచి చేదుకునేలా మార్చడం, చేతిపంపులు వేయడం. దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఆ జబ్బు లేదని ప్రకటించింది. కాబట్టి కొన్ని దిగుడుబావుల మెట్లు మూసేయడం చాలా మంచిపనే, అది చేసిన ఆరోగ్య కార్యకర్తలకి దండం పెట్టాలి. నేను అనేదల్లా ఇది కథగా చెప్పుకోవలసిన కథ అని. కనపడని జీవి, నీళ్ళలోంచి ఒంట్లోకి దూరడం, ఏడాది తర్వాత కాల్లోంచి బయటికి రావడం, ఏ నల్లనీళ్ళ దయ్యానికీ ఇంత భయం లేదు, పైగా ఇది జరిగింది, జనం దాన్ని గెలిచారు. బావుల గురించి వీడియోలు చేసేవాళ్ళు దీన్ని ఎందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం వచ్చే సంగతి. నీళ్ళు పిలిచాయి అన్న మాట ఎవరికి పనికొస్తుంది?

మా వైపు ఏ ఊరికెళ్ళినా ఒక నూతికి ఒక కోడలి కథ ఉంటుంది. "ఫలానా ఇంటి కోడల్ని నుయ్యి లాగీసింది" అంటారు. ఎవరూ అంతకు మించి చెప్పరు. ఆమెని ఇంట్లో ఎలా చూశారు, కట్నం మాట ఎన్నిసార్లు వచ్చింది, పుట్టింటికి వెళ్తే ఏమని తిప్పి పంపారు, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద పూడిపోతాయి. నుయ్యి లాగిందంటే మొగుడి మీద మాట రాదు, అత్త మీద రాదు, పోలీసు స్టేషన్‌కి వెళ్ళక్కర్లేదు. చచ్చిపోయిన మనిషికి మాత్రం రెండోసారి అన్యాయం, బతికున్నప్పుడు మాట వినలేదు, పోయాక తెల్లచీర కట్టి పిల్లల్ని బెదిరించే బొమ్మని చేశారు. మన విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు గారు పూర్ణమ్మ కథ చెప్పినప్పుడు ఈ తప్పు చేయలేదు. డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల దుర్గగుడికి వెళ్ళి ఇక తిరిగి రాదు, కానీ ఆయన అక్కడి కోనేటికి దయ్యాన్ని అంటగట్టలేదు, తండ్రి చేసిన బేరాన్నే మన ముందు పెట్టారు. వందేళ్ళు దాటాక కూడా చదివినవాడి గొంతు పూడుకుపోయేది అందుకే.

మా తోటనూతి తెల్లచీర వెనక కూడా ఒక మనిషి ఉంది. పేరు రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు. మా పెద్దమ్మకి ఆవిడ నేస్తం. ఆవిడ ఎంత బాగా ముగ్గులేసేదో, సంకురాత్రి నెలంతా ఆ వీధికి ఎలా కళ వచ్చేదో మా పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది, చెప్పి ఏడుస్తుంది. ఊరంతటికీ దయ్యంగా తెలిసిన మనిషి ఆ ఒక్కావిడకే మనిషిగా గుర్తుంది.

కట్టినవాళ్ళ విషయంలో కూడా దయ్యాలు ఇదే పని చేస్తాయి. రాజస్థాన్‌లో ఆభానేరి అనే ఊళ్ళో చాంద్ బావడీ ఉంది, 8, 9 శతాబ్దాలది అంటారు, 13 అంతస్తులు, సుమారు 3500 మెట్లు, త్రికోణాలు త్రికోణాలుగా కిందకి దిగిపోతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. దాన్ని దయ్యాలు ఒక్క రాత్రిలో కట్టేశాయని చెబుతారు. ఎంత అన్యాయం అండీ! ఎన్ని ఏళ్ళు, ఎన్ని వేల చేతులు, ఎండలో రాయి కొట్టినవాళ్ళు, తట్టల్లో మట్టి మోసిన ఆడవాళ్ళు, వీళ్ళందరి కష్టం ఒక్క రాత్రి చేసే దయ్యం ఖాతాలో వేసేశారు.

గుజరాత్ జునాగఢ్‌లో ఉపర్‌కోట్ కోట లోపల ఆడీ కడీ వావ్ అని ఇంకోటి ఉంది, రాతిని నిలువునా తొలిచి చేసిన బావి. నీళ్ళు పడకపోతే ఆడి, కడి అనే ఇద్దరు పెళ్ళికాని పిల్లల్ని బలి ఇచ్చారని ఒక కథ. వాళ్ళు రోజూ ఆ మెట్లు దిగి కోటకి నీళ్ళు మోసిన పనిపిల్లలని ఇంకో కథ. జనం ఇప్పటికీ అక్కడ చెట్టుకి గాజులూ గుడ్డలూ కడతారు. టూరిస్టులకి మొదటి కథే కావాలి, నాకు మాత్రం రెండోదే గుండెలో గుచ్చుకుంటుంది, రోజూ అన్ని మెట్లు దిగి ఎక్కి నీళ్ళు మోసిన పిల్లల పేర్లు ఒక బావికి మిగిలాయి, ఎంత అరుదు అది!

గుజరాత్‌లోనే పాటణ్‌లో రాజు సిద్ధరాజ్ జయసింహుడు తవ్వించిన సహస్రలింగ చెరువుకి జస్మా ఓడణ్ కథ చెబుతారు. మట్టిపని చేసుకునే ఓడ్ల ఇంటి ఆడపిల్ల మీద రాజు కన్నేస్తే ఆమె లొంగలేదు, ప్రాణం తీసుకుంటూ నీ చెరువులో నీరు నిలవదని శపించిందట. ఆ శాపం పోవడానికి ఒక దళితుడు, మాయా అతని పేరు, బలి అయ్యాడట. చూడండి, శపించింది తవ్వినామె, ప్రాణమిచ్చింది ఆ నీళ్ళు తాకనివ్వని కులంవాడు. మన దగ్గర నూతులు తవ్వింది వడ్డెరలు. మా తోటనూతికి రాళ్ళు పేర్చింది కూడా వాళ్ళే అని ఊళ్ళో ముసలివాళ్ళు చెబుతారు, ఆ కుటుంబాల్లో ఇప్పుడు ఎవరూ మా ఊళ్ళో లేరు. అలాగే కోవెల నూతిలో దళితవాడ వాళ్ళని చేదుకోనివ్వలేదు, వాళ్ళు గెడ్డలో చెలమలు తోడుకునేవారు, ఇది మా నాన్నే ఒప్పుకునేవాడు. అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసిలితో నీళ్ళు తాగడానికి వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళాల్సి వచ్చిన దేశం ఇది. బావుల దగ్గర జనాన్ని నిజంగా భయపెట్టింది ఎవరో చెప్పాలంటే చాలా చెప్పాలి, దయ్యం కథలో ఆ మనుషులు ఎక్కడా కనపడరు.

కథే కదా, దానివల్ల నష్టమేంటి, పైగా జనం చూడటానికి వస్తున్నారు, బావి పేరు నలుగురికీ తెలుస్తోంది అని మా తమ్ముడు వాదించాడు. అందులో కొంత నిజం ఉంది, ఆ కథ లేకపోతే ఆ ఇంటర్ పిల్లాడు నన్ను బావి గురించి అడిగేవాడే కాదు. కానీ జనం రావడం వేరు, బావి బాగుపడటం వేరు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావి చెత్తతో మొత్తం పూడిపోయి ఉండేది, దాన్ని తవ్వి, శుభ్రం చేసి, 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచారు, ఇప్పుడు జనం కుటుంబాలతో వెళ్తున్నారు. ఎవరో దయ్యం ఉందని చెబితే జరిగింది కాదు అది, లారీల కొద్దీ చెత్త ఎత్తితే జరిగింది. భయం ఉన్నచోట జనం ముందు అడిగేది మూసేయమనే.

మూసేయడం అంటే ఏంటో 2023 మార్చి 30న ఇండోర్‌లో చూశాం. శ్రీరామనవమి, బేలేశ్వర్ మహాదేవ్ గుడి, హోమం జరుగుతోంది, జనం కూర్చున్న నేల కింద పాత బావడీ ఉంది, దాని మీద ఎప్పుడో శ్లాబు వేసేశారు. శ్లాబు కూలిపోయి జనం బావిలో పడిపోయారు, 36 మంది చనిపోయారు. ఆ రోజు టీవీ చూస్తూ అన్నం ముద్ద దిగలేదు. ఆ నీళ్ళు ఎవర్నీ పిలవలేదు. కింద బావి ఉందన్న సంగతినే మనుషులు సిమెంటుతో కప్పేశారు, తర్వాతివాళ్ళు దాని మీద పీటలేసి కూర్చున్నారు.

మన శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు, ఇన్నేళ్ళుగా కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. కారణం ఇదీ అని సైన్సు ఇంకా గట్టిగా తేల్చలేదు, నీళ్ళ మీదా జనానికి అనుమానం ఉంది. అక్కడి వాళ్ళు బోరు నీళ్ళు గ్లాసులో పోసుకుని చూసినప్పుడు పడే భయం ఉంది చూశారా, నీళ్ళ భయం అంటే అదీ. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి పైపుల్లో తెప్పించే దాకా వచ్చిందంటే ఆ భయాన్ని జనం నోరు తెరిచి చెప్పుకోబట్టే వచ్చింది. ఆ భయానికి పరీక్షలు కావాలి, డాక్టర్లు కావాలి, డయాలిసిస్ బెడ్లు కావాలి. అలాంటి జిల్లా పక్కన బతుకుతూ నీళ్ళ భయాన్ని పది నిమిషాల సరదాగా చూడటం నా వల్ల కావట్లేదు.

మా మేనల్లుడికి చివరికి చెప్పింది ఇదే. ఒరే, ఎవరైనా ఫలానా నూతిలో దయ్యం ఉందంటే లేదని కొట్టేయకు, కూర్చుని అడుగు. ఆ నుయ్యి వాడటం ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, అక్కడ పోయిన మనిషి పేరేంటి, ఆ మనిషి ఇంట్లో ఏం జరిగింది, తవ్వింది ఎవరు, ఎవరిని దగ్గరికి రానివ్వలేదు. వాడు నిజంగానే మా పెద్దమ్మ దగ్గర కూర్చుని ముగ్గులావిడ గురించి ఫోన్లో రికార్డు చేసుకొచ్చాడు, అది ఎక్కడా పెట్టొద్దని కూడా వాడే అన్నాడు.

ఇప్పుడు తోటనూతి మీద సిమెంటు పలక వేయించేద్దామని ఊళ్ళో మాట నడుస్తోంది. మా పెదనాన్న గట్టిగా పలకే కావాలంటున్నాడు, "గుంటలు పడిపోతే ఎవుడిస్తాడు ప్రాణం" అని, ఆయన భయం నిజమైనదే, నేను ఎదురు చెప్పను. కానీ ఇండోర్ సంగతి చెప్పి, పలక వద్దు పెదనాన్నా, చుట్టూ నడుమెత్తు గోడ కట్టి పైన ఇనప జాలీ వేద్దాం, నుయ్యి ఉందని కళ్ళకి కనపడాలి, వాననీరు లోపలికి దిగాలి అన్నాను. ఎండలు ముదిరాక పూడిక తీయించాలి, దానికి ముందు గాలి కొట్టే బ్లోయరు అద్దెకి తేవాలి, గ్యాసు చూసే మీటరు ఎవరి దగ్గరన్నా దొరికితే అదీ తేవాలి, నడుముకి తాడు లేకుండా ఒక్కడూ దిగకూడదు, మెట్లలో మొలిచిన రావిని వేర్లతో తీయించాలి. సర్పంచి విన్నారు, అంచనా వేయించమన్నారు. ఇనప జాలీకి చీపురుపల్లిలో వెల్డింగు షాపతన్ని కొలతలకి రమ్మన్నాం, అతను చెప్పే లెక్క చూశాక పెదనాన్నతో మళ్ళీ కూర్చోవాలి.